ఎండిన వాగుకూ లెక్క ఉన్నది

హైదరాబాదు నగరానికి ఉత్తరపు కొసన ఉన్న గాజులరామారంలో నేను కాపురముంటున్న ఇల్లు గ్రానైటు నేల మీద కట్టినది. పునాది తవ్వినప్పుడు గడ్డపారకు తగిలినది ఆ రాయే. కాని ఇంటిలో నేలకు పరచిన బండలు మాత్రం ఇక్కడివి కావు. అవి తాండూరు గనుల నుంచి వచ్చిన నాపరాళ్లు. వంటింటిలో నిమ్మరసం ఒలికి, వెంటనే తుడవకపోతే, ఆ మేరకు నాపరాతి నునుపు పోయి మచ్చ పడుతుంది. గ్రానైటు గట్టు మీద అంతే రసం ఒలికినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. గృహిణులందరూ ఎరిగిన ఈ చిన్న సంగతిలోనే నేను ఈ ప్రసంగంలో చెప్పదలచిన పెద్ద సంగతి ఇమిడి ఉన్నది. నాపరాయి సున్నపురాతి జాతి. అది పులుపుకు కరుగుతుంది. కరిగే రాతి మీద పారే వాగు నడక వేరు. కరగని రాతి మీద పారే వాగు నడక వేరు. కనుక రెండింటికీ ఒకే లెక్క చెల్లదు.

వాగుకు లెక్క ఏమిటని కొందరు అడుగవచ్చును. ఎంత వాన కురిస్తే ఏటిలో ఎంత నీరు, ఎన్ని గంటలకు, ఎన్ని రోజులపాటు పారుతుందో ముందుగా అంచనా కట్టడమే ఆ లెక్క. వంతెన ఎంత ఎత్తున కట్టాలి, ఆనకట్ట వెనుక ఎంత నీరు నిలుస్తుంది, వరద వస్తున్నదని దిగువ ఊళ్లకు ఎప్పుడు చెప్పాలి, వేసవిలో ఎన్ని ఎకరాలకు నీరు అందుతుంది అనే ప్రశ్నలన్నిటికీ జవాబు దాని నుంచే రావాలి. ఏటిని గణితంలో మళ్లీ ఒకసారి పారించి చూడడమని దీనిని చెప్పుకోవచ్చును. శాస్త్రజ్ఞులు దీనికి నమూనా అని పేరు పెట్టినారు. నేడు ఈ పని కంప్యూటరు చేస్తున్నది గాని, దాని వెనుక ఉన్న ఆలోచన పాతదే.

మా ప్రాంతపు రాతినేల మీద ఈ లెక్క కొంతవరకు సులభం. గ్రానైటు పైభాగం శిథిలమై మొరంగా మారి ఉంటుంది. దాని కింద పగుళ్లు ఉన్నా, అవి పట్టే నీరు తక్కువ. కురిసిన వానలో కొంత ఆవిరైపోతుంది, కొంత మట్టి పీల్చుకుంటుంది, మిగిలినది వాలు వెంట పారి చెరువులో పడుతుంది. ఆ చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు నీరు వస్తుంది. మెట్టు మెట్టుగా దిగి చివరకు మూసీని చేరుతుంది. గట్టు మీద నిలబడి చూస్తే, ఏ వైపు నీరు ఏ చెరువుకు పోతుందో పశువులకాపరి పిల్లవాడు కూడా చెప్పగలడు. ఐర్లండు దేశపు ఇంజనీరు మల్వనీ 19వ శతాబ్దపు నడుమ చెప్పిన పద్ధతి కూడా ఇటువంటిదే. వాన జోరును నేల వైశాల్యంతో హెచ్చవేసి, అందులో పారే భాగమెంతో చూసుకుంటే వరద పరిమాణం తేలుతుంది. 1932లో అమెరికాలో షెర్మన్ అనే ఇంజనీరు, ఒక అంగుళపు వాన పారుదల నదిలో ఏ ఆకారంలో పెరిగి తగ్గుతుందో తెలిస్తే, పెద్ద వానల ఆకారాన్ని కూడా దాని నుంచే కట్టవచ్చునని చూపినాడు.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహా వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు హైదరాబాదుకు వచ్చి, నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను నిలపాలని సూచించినారు. ఆ సూచన వల్లనే 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తి అయినవి. ఎగువన పడిన వాన తప్పక మూసీకే వస్తుందన్న నమ్మకం ఆ ఆలోచనకు ఆధారం. ఆ నేల మీద అది సరైన నమ్మకమే.

ఇప్పుడు మూసీ పుట్టిన వికారాబాదు అనంతగిరి కొండల వద్దకు ఒకసారి పోదాము. అక్కడ పుట్టిన మూసీ తూర్పు ముఖం పట్టి, హైదరాబాదు మీదుగా పోయి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అవే కొండలలో పుట్టిన కాగ్నా పడమటికి దిగి, తాండూరు మీదుగా భీమానదిని చేరుతుంది. భీమ కూడా చివరకు కృష్ణలో కలిసేదే. ఒకే కొండ, చివరకు ఒకే నది. కాని ఒకటి గ్రానైటు మీద నడిచినది, రెండవది సున్నపురాతి సీమలోకి దిగినది. తెలుగునాట ఇటువంటి సున్నపురాతి సీమలు మరి కొన్ని ఉన్నవి. పల్నాడు ఒకటి. వాటిలో చెప్పుకోదగినది కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల మీదుగా సాగే కుందూనది లోయ. బేతంచెర్ల, కొలిమిగుండ్ల నాపరాళ్లు ఆ సీమవే. ఈ రాతిలో ఒక తరగతికి శాస్త్రజ్ఞులు జమ్మలమడుగు దగ్గరి నార్జి గ్రామం పేరే పెట్టినారు.

వాన చినుకు ఆకాశం నుంచి దిగేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కలుపుకుంటుంది. మట్టిలో వేళ్లు, క్రిములు విడిచే అదే వాయువును మరింత కలుపుకుంటుంది. దానితో నీటికి ఒక సన్నని పులుపు వస్తుంది. అది మన నాలుకకు తెలియదు గాని, సున్నపురాతికి తెలుస్తుంది. రాతిలో వెంట్రుకవాసి పగులున్నా ఆ నీరు దిగి, పగులు అంచులను కరిగించుకుంటూ పోతుంది. పగులు పెద్దదైన కొద్దీ ఎక్కువ నీరు దిగుతుంది. ఎక్కువ నీరు దిగిన కొద్దీ పగులు ఇంకా పెద్దదవుతుంది. వేల, లక్షల సంవత్సరాలకు ఆ పగులు గొట్టమై, గొట్టం సొరంగమై, నేల కింద మరొక ఏరు తయారవుతుంది.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను చూసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. చదునైన పొలాల నడుమ గోతివలె కనిపించే చోట నుంచి లోపలికి దిగాలి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు 1884లో వీటిని గురించి నమోదు చేసినాడు. దాదాపు నూరేండ్ల తరువాత, 1980ల తొలి సంవత్సరాలలో, గెబాయర్ నాయకత్వాన జర్మను పరిశోధకులు లోపల తిరిగి వీటిని సర్వే చేసినారు. కొలిచినంతలో గుహల పొడవు 3229 మీటర్లు. ప్రవేశమార్గానికి సుమారు 46 మీటర్ల లోతున పాతాళగంగ అనే చిన్న నీటిధార ఉన్నది. అది కొంతదూరం కనిపించి, మళ్లీ రాతిలోనికి మాయమవుతుంది. పైన పొలంలో నాగలి దున్నుతూ ఉంటుంది. కింద ఏరు పారుతూ ఉంటుంది. పటంలో మాత్రం ఆ చోట ఏరు లేదు.

కొన్ని సంవత్సరాల కిందట రైతుల కార్యక్రమానికి మాటలు ధ్వనిముద్రణ చేసుకొనడానికి నేను ఆ నాపరాతి సీమకు పోయినాను. ఒక ఊరి రైతులు తమ వాగుకు అడ్డంగా కట్టిన చిన్న కట్టను చూపినారు. కట్ట గట్టిగానే ఉన్నది. దాని వెనుక చుక్క నీరు లేదు. వాన పడలేదా అని అడిగినాను. ఒక పెద్దాయన తలపాగా సర్దుకొని, "వాన పన్నది సామీ, కట్ట నిండింది కూడా. నాలుగు దినాలకు నీళ్లు లేవు. కట్ట తెగలేదు, అడుగు తెగింది" అన్నాడు. పక్కనున్న మరొకాయన, కట్ట నిండిన ఆ వారంలోనే వాన లేకుండా తన బావిలో నీరు పెరిగిందని చెప్పినాడు. ఆయన చేను వాగుకు దూరాన, మరొక వాలులో ఉన్నది. కట్ట దగ్గర పోయిన నీరే ఆ బావిలో తేలినదా? ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఎవరూ కొలవలేదు. కట్టకు చేసిన ఖర్చు కాగితాల మీద ఉన్నది. నీరు ఎటు పోయినదో ఏ కాగితం మీదా లేదు.

"అడుగు తెగింది" అన్న ఆ రెండు మాటలను విప్పి చెప్పడమే నేటి శాస్త్రం పని. సున్నపురాతి సీమలో మామూలు లెక్క మూడు చోట్ల తప్పుతుంది.

మొదటిది సరిహద్దు. గ్రానైటు సీమలో గట్టుకు ఇటు పడిన నీరు ఇటే పారుతుంది. సున్నపురాతిలో గట్టు పైకి మాత్రమే గట్టు. దాని కింద సొరంగం ఉంటే, ఒక వాగు నీరు మరొక వాగుకు పోవచ్చును. అప్పుడు వైశాల్యంతో వానను హెచ్చవేసే లెక్కకు ఆధారమే పోతుంది. హెచ్చవేయవలసిన నేల ఎంతో మనకు తెలియదు.

రెండవది వేగం. ఇసుకలో నీరు ఎట్లా ఊరుతుందో 1856లో ఫ్రాన్సులో డార్సీ అనే ఇంజనీరు సూత్రం కట్టినాడు. ఇసుకలో నీరు మెల్లగా, ఒక క్రమంలో నడుస్తుంది. రాతి గొట్టంలో అది ఏటివలె సుళ్లు తిరుగుతూ పరుగెత్తుతుంది. ఒకే కొండలో, సన్నని పగుళ్లలోని నీరు నెలల తరబడి కదలదు, గొట్టంలోని నీరు గంటలలో దాటిపోతుంది.

దీనిని లెక్కలో పెట్టడానికి శాస్త్రజ్ఞులు మన ఇంటి కుండలను పోలిన ఉపాయం పన్నినారు. జపాను శాస్త్రజ్ఞుడు సుగవారా చెప్పిన తొట్ల నమూనా ఇటువంటిదే. రెండు కుండలు ఉన్నవనుకోండి. ఒక్కొక్క దానిలో 100 బిందెల నీరు. మొదటి కుండకు పెద్ద చిల్లి. రోజుకు అందులో ఉన్న నీటిలో సగం కారిపోతుంది. రెండవ దానికి సూదిబెజ్జం. రోజుకు 50వ వంతు మాత్రమే కారుతుంది. మొదటి రోజు మొత్తం 52 బిందెలు వస్తవి. ఎనిమిదవ రోజున వచ్చేది రెండు బిందెలకు కొంచెం ఎక్కువ. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా రెండవ కుండదే. మొదటి కుండ రాతి గొట్టం; రెండవది సన్నని పగుళ్లు. వాన వెలిసిన తరువాత ఒక ఊట రోజురోజుకు ఎట్లా తరుగుతున్నదో కొలిచి గీత గీస్తే, లోపల ఎన్ని కుండలున్నవో, ఏ కుండకు ఎంత చిల్లి ఉన్నదో కొంతవరకు ఊహించవచ్చును. ఊటలు తరిగే తీరుకు ఫ్రాన్సులో మాయే అనే శాస్త్రజ్ఞుడు 1905లోనే సూత్రం చెప్పినాడు.

మూడవది సున్న. నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. ఒక వాగు సున్నపురాతి మేరలోకి వచ్చిన చోట దాని అడుగు 30 క్యూసెక్కులు మింగగలదనుకొందాము. ఎగువన 50 క్యూసెక్కులు వస్తే దిగువన 20 కనిపిస్తవి. ఎగువన 30 వస్తే దిగువన సున్న. 10 వచ్చినా సున్న. అసలేమీ రాకపోయినా సున్నే. దిగువన కొలతబద్ద దగ్గర కూర్చున్నవాడు మూడు రోజులూ ఒకే అంకె వేస్తాడు. కాని ఆ మూడు సున్నలూ ఒకటి కావు. మొదటి సున్న వెనుక భూమిలోనికి 30 క్యూసెక్కులు దిగినవి. మూడవ సున్న వెనుక కరువున్నది. అంతే కాదు. వానకాలం మొదట లోపలి బొరియలు ఖాళీగా ఉన్నప్పుడు జోరువాన కురిసినా వాగు కదలదు. చివరి రోజులలో బొరియలు నిండి ఉన్నప్పుడు అంతే వాన వరద అవుతుంది. జూన్ నెలలో మౌనంగా ఉన్న వాగు అక్టోబరులో ఊరి మీదికి వస్తుంది. జూన్ నెల సున్నలను చూసి ధైర్యపడినవాడు అక్టోబరులో మోసపోతాడు.

ఇక్కడే కంప్యూటరు కూడా మనలను మోసగించగలదు. నమూనాకు వానలెక్క ఇచ్చి, కొలిచిన ప్రవాహంతో సరిపోయేవరకు లోపలి అంకెలను సవరిస్తారు. నేల కింద రంధ్రమున్నదని నమూనాకు తెలియకపోతే, కనిపించని నీటికి ఏదో ఒక దారి చూపాలి గనుక, అది ఆవిరైపోయినదని రాసుకుంటుంది. లెక్క కుదురుతుంది, కథ తప్పు. నిజానికి ఆ నీరు ఆవిరి కాలేదు. పది ఊళ్ల బావుల కింద ఉన్నది. వాన తీరు మారిన సంవత్సరం ఆ నమూనా బోల్తా పడుతుంది. అందుకే సున్నపురాతి సీమలకు నమూనా కట్టేవారు నేడు మింగే అడుగునూ, గొట్టపు కుండనూ, నిండితే పొర్లే హద్దునూ విడివిడిగా చేరుస్తున్నారు. ప్రవాహంతో పాటు బావుల నీటిమట్టం కూడా కలిసినప్పుడే ఆ లెక్కను నమ్ముతున్నారు.

కుందూ లోయలో ఇంకొక చిక్కు కూడా ఉన్నది. తుంగభద్ర మీది సుంకేసుల నుంచి వచ్చే కర్నూలు-కడప కాలువ ఆ లోయలోనే నడుస్తుంది. పొలాలకు పారి మిగిలిన కాలువ నీరు ఏటిలో కలుస్తుంది. అప్పుడు ఏటిలో కనిపించేది ఆ నేల మీద కురిసిన వాన మాత్రమే కాదు. వచ్చిన పరాయి నీటిని తీసివేయనిదే సొంత నీటి లెక్క తేలదు.

మరి నేల కింది దారి తెలుసుకొనడం ఎట్లా? దీనికి జర్మనీలో జరిగిన ఒక ఉదంతం చెప్పుకోదగినది. అక్కడ ఇమ్మెండింగెన్ అనే ఊరి దగ్గర డాన్యూబు నది నీరు సున్నపురాతి అడుగులోనికి దిగిపోతుంది. సంవత్సరంలో చాలా రోజులు ఆ మేర నది పూర్తిగా ఎండి ఉంటుంది. సుమారు 12 కిలోమీటర్ల దూరాన ఆఖ్ అనే పెద్ద ఊట ఉన్నది. 1877 అక్టోబరులో క్నోప్ అనే ఆచార్యుడు నది ఇంకే చోట కొన్ని టన్నుల ఉప్పును, సుమారు 10 కిలోల రంగుపొడిని కలిపించినాడు. రెండున్నర రోజులకు ఆఖ్ ఊట పచ్చగా మెరిసినది, ఉప్పగా మారినది. నల్లసముద్రానికి పోవలసిన నీరు కొండ కిందుగా దాటి, రైను నదిలో కలిసి, ఉత్తరసముద్రానికి పోతున్నదని రుజువైనది. ఆ నీటి కోసం రాష్ట్రాల మధ్య పుట్టిన తగాదా 1927లో న్యాయస్థానం వరకు పోయినది. రంగుపొడి చెప్పిన సాక్ష్యం లేకపోతే ఆ తగాదాలో ఎవరి మాట నిజమో ఎవరు చెప్పగలరు?

మనకు సాధనాలకు కొదువ లేదు. గాజులరామారానికి ఎంతో దూరం లేని బాలానగరులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహాల కంటితో నేలనూ నీటినీ చూస్తున్నది. 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ హైదరాబాదులోనే ఉన్నది. విద్యుత్తును నేలలోనికి పంపి లోపలి రాతి తీరును పసిగట్టే విద్య మనవారికి తెలిసినదే. లోపించినది ఏమంటే, చిన్న వాగుల దగ్గర రోజువారీ కొలత. పెద్ద నదులకు కొలతబద్దలున్నవి. ఎండిపోయే వాగును కొలవడం దండుగ అనే భావం మాత్రం మనలో పాతుకొని ఉన్నది. 2021లో వెలువడిన ఒక ప్రపంచ పరిశీలన, భూమి మీది నదీమార్గాల మొత్తం పొడవులో సగానికి పైగా సంవత్సరంలో ఒక్క రోజైనా ప్రవాహం ఆగిపోయేవే అని తేల్చినది. ఎండే వాగు అపవాదం కాదు. లోకంలో ఎక్కువ భాగం అదే.

ఇందులో మరొక జాగ్రత్త కూడా ఉన్నది. ఇసుకలో చెలమ తవ్వితే తేటనీరు వస్తుంది, ఏలనంటే ఇసుక వడకడుతుంది. రాతి గొట్టం వడకట్టదు. పైన గోతిలో వేసినది యథాతథంగా కింద ఊటలో తేలుతుంది. బెలుం గుహలు 2002లో సందర్శకులకు తెరవబడక పూర్వం చాలాకాలం చెత్త పారవేసే చోటుగా ఉండినవి. వాటిని శుభ్రం చేసిన తరువాతనే లోకం చూడగలిగినది. చెత్త వేసినవారు చెడ్డవారు కారు. గోయి నోరు మాత్రమే వారికి కనిపించినది. దాని కడుపులోని ఏరు కనిపించలేదు. నాపరాతి సీమలో ప్రతి గోతినీ ఎవరిదో ఒకరి బావిగా భావించడం మంచిది.

కాబట్టి ఆ సీమలో ఉన్న శ్రోతలకు ఒక మనవి. మీ వాగు ఏ రోజున పారడం మొదలుపెట్టినదో, ఏ రోజున ఆగినదో, ఏ మలుపు దగ్గర నీరు ఇంకుతున్నదో, ఆ రోజున మీ బావిలో నీరు ఎన్ని మూరల లోతున ఉన్నదో ఒక పుస్తకంలో తేదీతో రాసి ఉంచండి. పాఠశాల పిల్లలు చేయగల పని ఇది. వాగు పారని రోజున గడి ఖాళీగా విడువక, సున్న అని రాయండి. ఖాళీ గడికి అర్థం ఎవరూ చూడలేదని. సున్నకు అర్థం చూసినాము, నీరు లేదని. కట్ట ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకుండా నీటిని ఇంకనివ్వాలో రేపు ఇంజనీరు వచ్చి అడిగిననాడు ఆ పుస్తకం లక్షల రూపాయల ఖర్చును కాపాడగలదు.

ఆ పెద్దాయన కట్ట నిరర్థకమైనదని నేను అనలేను. అది నీటిని నిలపలేదు, భూమికి అప్పగించినదేమో. ఆ అప్పు ఏ బావిలో తీరుతున్నదో ఎవరైనా రాసి ఉంచినట్టయితే, రెండు ఊళ్ల వారూ కలిసి ఆ కట్టను కాపాడుకొని ఉందురు.